అరచుట్టు పెదనాన్న

మా పెద్దమ్మ ఇంట్లో ఏ సీసా మూతా మామూలు మనిషి చేతికి లొంగదు. పంచదార సీసా తెరవాలంటే పెద్దమ్మ దాన్ని పొట్టకు అదుముకుని, మూతకు తడిగుడ్డ చుట్టి, ఎవరినో మనసులో తిట్టుకుంటూ తిప్పాలి. ఆ ఇంట్లో కుళాయిలన్నీ కారుతుంటాయి. లోపలి వాషర్లు ఎప్పుడో నలిగి పీలికలయ్యాయి. కుర్చీల కాళ్ళు మరమేకుల దగ్గర చీలి ఉంటాయి. కళ్ళజోళ్ళకు మూలల్లో పగుళ్ళుంటాయి. ఇన్ని పాపాలకూ కర్త ఒక్కడే, మా పెదనాన్న. ఆయన అసలు పేరు చెప్తే పక్కవీధి వాళ్ళు తల గోక్కుంటారు. ‘అరచుట్టు గారు’ అంటే మాత్రం చంటిపిల్లలు కూడా ఇల్లు చూపిస్తారు.

లోకంలో ఎవరు ఏ మర బిగించినా అది ఇంకో అర చుట్టు తక్కువగానే ఉంటుందని ఆయన నమ్మకం. ఆ అర చుట్టు వేసే బాధ్యత సృష్టికర్త తనకే అప్పగించాడని ఇంకో నమ్మకం. దొరికిన ఉద్యోగం కూడా దానికి తగినదే. పెద్ద భవనాల్లో లిఫ్టులు తనిఖీ చేసే ఆఫీసరుగా పనిచేశాడు. లిఫ్టు బిగించేవాళ్ళు వేరు, బాగుచేసేవాళ్ళు వేరు. వాళ్ళందరి పనీ అయ్యాక వెళ్ళి ముఖం చిట్లించడం ఈయన పని. తప్పు దొరికితే సరే. దొరక్కపోతే అద్దం మీద వేలిముద్రనైనా వెతికి పట్టుకునేవాడు. అదీ లేకపోతే జేబులోంచి చిన్న స్పానరు తీసి, చేతికందిన నట్టు మీద అర చుట్టు వేసి, "ఇప్పుడు బాగుంది" అనేవాడు. అంతకుముందు పైకెళ్ళిన లిఫ్టు ఆ తర్వాత కూడా పైకే వెళ్ళేది. తేడా ఎక్కడుందో ఆయన ఒక్కడికే కనిపించేది. ఆ చూపుతోనే ఉద్యోగకాలమంతా గడిపి, దండ వేయించుకుని ఇంటికి వచ్చేశాడు.

ఇంట్లో లిఫ్టు లేదు. అందుకని కారు కొన్నాడు.

అది చాలా పాతది. రెండే సీట్లున్న స్పోర్ట్స్ కారు, మిరపపండు రంగు, నేలకు ఆనించినట్టు ఉంటుంది. ఎక్కడం అంటూ ఉండదు, అందులోకి దిగాలి. ఎవరో డాక్టరుగారు పోయాక టార్పాలిన్ కింద పడి ఉన్నదాన్ని తెచ్చుకున్నాడు. గుడ్డ టాపు కుట్లు ఊడి ఉంటుంది. స్టార్ట్ చేస్తే వీధి చివరి కుక్క లేచి కూర్చుంటుంది. ఆ కారు అందంగా ఉంటుందన్నది నిజం. ఆ అందానికి తన చేతులే కారణమన్నట్టు పెదనాన్న రోజూ ఉదయం మెత్తటి గుడ్డతో దాని వీపు తుడిచేవాడు. దాన్ని నడపడం మాత్రం పేపరు షాపు దాకా. పేపరు షాపు మా వీధి మలుపు తిరిగితే ఉంటుంది. వెళ్ళడానికి పట్టే సమయం కన్నా గేటు తీసి, కారు బయటికి తెచ్చి, నాలుగు వైపులా చూసుకుని, చేతికి తొడుగులు వేసుకోవడానికే ఎక్కువ సమయం పట్టేది.

కారుని నిజంగా నడిపేది అక్క. అక్కంటే ఆయన ఒక్కగానొక్క కూతురు, పశువుల డాక్టరు. పాతకారు వారానికొకసారైనా దూరం వెళ్ళకపోతే దాని ఊపిరితిత్తులు మూసుకుపోతాయని పెదనాన్నే అనేవాడు. ఆ ఊపిరి పీల్పించే బాధ్యత ఆదివారాల్లో అక్కకి అప్పగించాడు. నేను పక్కసీట్లో ఒళ్ళో పుస్తకం పెట్టుకుని వెళ్ళేదాన్ని. బజారు దాటి, రైలు గేటు దాటి, బయటి రోడ్డు మీద నీళ్ళ ట్యాంకు ఎత్తు దాకా వెళ్ళి తిరిగి రావడం మా ఆచారం.

ఆ ఏడాది వానలు తగ్గాక కారుకి ఒక రోగం వచ్చింది. నీళ్ళ ట్యాంకు ఎత్తు దగ్గరకి వచ్చేసరికి ఎవరో వెనక నుంచి చొక్కా పట్టుకు లాగినట్టు బరువెక్కిపోయేది. యాక్సిలరేటరు ఎంత తొక్కినా మూలుగే తప్ప పరుగు ఉండేది కాదు. ఇస్త్రీపెట్టె బట్ట మీద మరిచిపోతే వచ్చేలాంటి వాసన వచ్చేది. కాసేపు చెట్టు కింద ఆపితే తగ్గేది. మళ్ళీ ఇంటికి వచ్చేలోపు పట్టేసేది. తెల్లారి చూస్తే ఏమీ ఉండదు. వేలితో తోస్తే ఉయ్యాలలా కదిలేది.

"బ్రేకులు పట్టేస్తున్నాయి నాన్నా," అంది అక్క మొదటిసారి.

"బ్రేకులు వాటంతటవి పట్టవమ్మా. తొక్కితే పడతాయి," అన్నాడు పెదనాన్న. "నీకు భయమెక్కువ. ఎదురుగా సైకిల్ వస్తే తొక్కుతావు, ఆకు ఎగిరితే తొక్కుతావు. కాల్చేస్తున్నావు బ్రేకుల్ని."

"నేనంత తొక్కట్లేదు."

"నేను నడిపితే ఎందుకు పట్టవు మరి?"

పేపరు షాపు దాకా వెళ్ళివచ్చే కారుకు వేడెక్కే తీరికెక్కడిది అని ఆ రోజు ఎవరికీ తట్టలేదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళన్న మనిషితో నాలుగో కాలి గురించి మాట్లాడడం దండగ.

మేస్త్రీని పిలిపించారు. మెయిన్ రోడ్డు మీద రేకుల షెడ్డున్న మేస్త్రీ ఆయన. వీధిలో ఆయన పేరు ‘చూద్దాం’. ఏం చెప్పినా "చూద్దాం సార్" అంటాడు గనక. ఆయనకు చూడటం తప్ప అన్నీ వచ్చు. పొద్దున్నే వచ్చి, చల్లగా ఉన్న కారుని ఒక్కసారి ముందుకి, ఒక్కసారి వెనక్కి తోశాడు.

"ఫ్రీగానే ఉంది సార్."

"అదే నేనూ చెప్తున్నా. కారులో ఏం లేదు," అన్నాడు పెదనాన్న.

"లేడీస్ కాలు సార్. వాళ్ళకి తెలీకుండానే పడిపోద్ది. మా ఇంట్లోనూ అంతే."

"మీ ఇంట్లో కారుందా?" అని అడిగింది పెద్దమ్మ వరండాలోంచి.

"స్కూటరమ్మా."

"దానికీ లేడీస్ కాలేనా?"

చూద్దాం వినపడనట్టు వంగి టైరు చూశాడు. అయినా పిలిచారు కాబట్టి ఏదో ఒకటి చేయాలి. బండిని షెడ్డుకి తీసుకెళ్ళి ప్యాడ్లు మార్చాడు. మళ్ళీ పట్టేసింది. చక్రాల దగ్గరి రబ్బరు పైపులు మార్చాడు. మళ్ళీ పట్టేసింది. హ్యాండ్‌బ్రేకు తీగ వదులు చేశాడు. దాంతో కారు గేటు ముందు ఆగకుండా గులాబీ కుండీ మీదకి జారింది గాని, నీళ్ళ ట్యాంకు దగ్గర మళ్ళీ పట్టేసింది. ఆ తీగని తిరిగి బిగించాల్సి వచ్చింది. ప్రతిసారీ కారు షెడ్డు నుంచి ఇంటికి రాగానే పెదనాన్న గేటు మూసి, చొక్కా చేతులు మడిచి, స్పానరు తీసి, తలకిందులుగా కారులో దూరేవాడు. కాళ్ళు రెండూ బయట పెట్టి, లోపల మూలుగుతూ ఏదో చేసేవాడు. లేచి, ముఖం తుడుచుకుని, "పరాయివాడి పని పరాయివాడి పనే. ఇప్పుడు బాగుంది," అనేవాడు.

ఏం బాగుందని ఎవరూ అడగలేదు. సీసా మూతల విషయంలోనే అడగడం మానేసి చాలా ఏళ్ళయింది.

ఈ గొడవంతా ఒక పాతకారు గురించే అయితే రాయాల్సిన పనే లేదు. సరిగ్గా అప్పుడే అక్కకి కొండమీది పశువుల ఆసుపత్రిలో ఉద్యోగం వచ్చింది. చదువుకునే రోజుల నుంచి ఆమె కోరుకున్న చోటు అది. చుట్టూ పల్లెలు, గొర్రెల మందలు, ఎవరూ వెళ్ళని దారులు. ఆసుపత్రి వాళ్ళు జీపు ఇస్తారు, డ్రైవరుని ఇవ్వరు. డాక్టరే నడుపుకోవాలి. వస్తారో రారో సోమవారానికల్లా ఫోనులో చెప్పమన్నారు.

అక్క రానని చెప్పాలనుకుంది.

"పిచ్చెక్కిందా అక్కా నీకు?" అన్నాను.

"కొండదారే అది. ఒకపక్క లోయ. బ్రేకులు కాల్చుకునేదాన్ని నేను. దిగేటప్పుడు అక్కడ కాలిపోతే?"

"నువ్వు కాల్చట్లేదు."

"మరెవరు కాలుస్తున్నారు? ప్యాడ్లు మార్చారు, పైపులు మార్చారు. మారనిది నేనొక్కదాన్నేగా."

ఆ మాట ఆమెది కాదు. అన్నం తింటున్నప్పుడు పెదనాన్న అన్నదే. "అన్నీ మార్చాం, డ్రైవరు తప్ప," అని తన జోకుకి తానే నవ్వాడు. పొలమారి నీళ్ళు తాగాడు. ఆవు కడుపులో భుజం దాకా చెయ్యి పెట్టి అడ్డం తిరిగిన దూడని బయటికి తీసే మనిషి మా అక్క. ఆమెని ఒక స్పానరు మొనగాడు తన కుడికాలిని తానే నమ్మలేని స్థితికి తెచ్చాడు. ఆడలేక మద్దెల ఓడు అంటారు. మా పెదనాన్న అంతకన్నా ఘనుడు. మద్దెలకి తానే చిల్లు పొడిచి, ఆడేదాని కాళ్ళు వంకరన్నాడు. చిల్లు ఎవరు పొడిచారో అప్పటికి మాకు తెలియదు, అంతే.

ఫోను చేయాల్సిన గడువుకి ముందురోజు ఆదివారం. అక్క కారు తీసింది. ఆఖరిసారి నడుపుతానంది. రైలు గేటు దాటి, రోడ్డు ఖాళీ అయ్యాక, "పుస్తకం మూసెయ్యవే," అంది.

"ఎందుకు?"

"నా కుడికాలు చూస్తూ కూర్చో. రోడ్డు చూడకు, నన్ను చూడకు. కాలు బ్రేకుని తాకిందంటే చెప్పు. నాకు తెలీకుండా పడుతోందేమో తెలియాలి."

నేను ముందుకి వంగి ఆమె చెప్పులోంచి కనిపిస్తున్న బొటనవేలిని చూస్తూ కూర్చున్నాను. ఎదురుగా లారీ వస్తే అక్క గేరు తగ్గించింది. కాలు యాక్సిలరేటరు మీదే ఉంది. మేకలు అడ్డం వస్తే గేరు తగ్గించి, నడకంత నెమ్మదిగా వాటి వెనకే పోనిచ్చింది. కాలు కదలలేదు. నాకు మెడ పట్టేసింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆ పెడల్ వైపు కాలు ఒక్కసారి కూడా వాలలేదు.

నీళ్ళ ట్యాంకు ఎత్తు మొదలైంది. కారు బరువెక్కింది. వాసన వచ్చింది.

"తాకిందా?"

"లేదు."

"నిజం చెప్పు."

"ఒట్టు అక్కా. ఒక్కసారి కూడా లేదు."

అక్క కారుని పక్కకి తీసింది. ఆపడానికి బ్రేకు అక్కర్లేకపోయింది, అదే ఆగింది. తర్వాత దిగి, ముందు చక్రం దగ్గర గొంతుక్కూర్చుని, చేతిని తిప్పి, వేళ్ళ వెనకభాగాన్ని చక్రానికి దగ్గరగా పెట్టింది. జ్వరమొచ్చిన పశువు చెవి చూసేటప్పుడు ఆమె చెయ్యి అలాగే ఉంటుంది. లేచి రెండో చక్రం చూసింది. వెనక్కి వెళ్ళి మిగతా రెండూ చూసింది.

"నాలుగూ కాలిపోతున్నాయి," అంది. గొంతు మారిపోయింది. ఇన్నాళ్ళ తర్వాత డాక్టరు గొంతు. "ఒక కాలు వాస్తే ఆ కాల్లో ముల్లు వెతుకుతాం. నాలుగు కాళ్ళూ ఒకేసారి వాస్తే?"

"ఒంట్లో ఏదో ఉందని."

"అదే మరి. చూద్దాం మేస్త్రీ ఇన్నాళ్ళూ ఒక్కో కాలికి కట్టు కట్టాడు. హ్యాండ్‌బ్రేకు అయితే వెనక చక్రాలే పట్టుకోవాలి. ముందువి ఎందుకు కాలుతున్నాయి?"

సీటు వెనకనుంచి పనిముట్ల సంచి తీసింది. ముందు చక్రం లోపలివైపు బ్రేకులో గాలి బయటికి వదిలే చిన్న నిపిల్ ఉంటుంది. దాన్ని వదులు చేయగానే బ్రేక్ ఆయిల్ పిచికారీలా చిమ్మింది. నన్ను కారుని కొంచెం తోసి చూడమంది. నేను తోశాను. అంతదాకా రాయిలా బిగుసుకున్న ఆ చక్రం వదులై తిరిగింది.

"చక్రం దగ్గర ఏదీ బిగుసుకోలేదు," అంది అక్క నిపిల్ బిగిస్తూ. "పెడల్ మీద కాలు లేకపోయినా లోపల ఒత్తిడి ఉండిపోతోంది. తొక్కి వదిలాక ఆయిల్ పైన డబ్బాలోకి వెనక్కి వెళ్ళాలి. వెళ్ళట్లేదు. వేడికి పొంగుతుంది, దారి లేక చక్రాల్నే నొక్కుతుంది, దాంతో ఇంకా వేడి. రాత్రంతా చల్లారితే మామూలైపోతుంది."

"దారి ఎవరు మూశారు?"

అక్క డ్రైవరు సీటు ముందు మోకాళ్ళ మీద కూర్చుని, బ్రేకు పెడల్‌ని ఒక్క వేలితో నొక్కింది. అది గోడలా ఉంది. క్లచ్ పెడల్‌ని నొక్కింది. అది కొంచెం ఊరికే కదిలి, ఆ తర్వాతే గట్టిబడింది. ఫోను లైటు వేసి తల లోపల పెట్టింది. నేనూ పెట్టాను. పెడల్ నుంచి, నాలుగు చక్రాలకీ బ్రేక్ ఆయిల్ తోసే మాస్టర్ సిలిండర్‌లోకి ఒక కడ్డీ వెళ్తుంది. పెడల్ వదిలినప్పుడు ఆ కడ్డీకి, లోపలి పిస్టన్‌కి మధ్య వెంట్రుకంత ఖాళీ ఉండాలి. ఉంటేనే పిస్టన్ పూర్తిగా వెనక్కి వచ్చి, ఆయిల్ వెళ్ళే రంధ్రం తెరుచుకుంటుంది. అక్కడున్న కడ్డీ పిస్టన్ గొంతు మీద కూర్చున్నట్టుంది. చుట్టుపక్కల ప్రతి నట్టు మీదా ఏళ్ళ తరబడి పేరుకున్న మురికి. ఆ కడ్డీ మీది నట్టు ఒక్కటే తళతళలాడుతోంది. దాని మూలలన్నీ చిన్న స్పానరు పళ్ళకి అరిగి గుండ్రబడ్డాయి.

"పంచదార సీసా," అంది అక్క.

ఆమె అక్కడే దాన్ని సరిచేయగలదు. చేయలేదు. "వేడిగానే తీసుకెళ్దాం. చల్లారితే సాక్ష్యం మాయమైపోతుంది," అంది. తిరుగుదారిలో కారు మళ్ళీ బరువెక్కుతుంటే అక్క హాయిగా నవ్వింది.

ఇంటిముందు గేటు దగ్గర కొంచెం వాలు ఉంటుంది. అక్క కారుని అక్కడ ఆపి ఇంజను ఆపేసింది. పెదనాన్న వరండాలో చూద్దాంతో టీ తాగుతున్నాడు. ఈసారి ఇంకేం మార్చాలని ఇద్దరూ చర్చ చేస్తున్నారు.

"కాల్చావా మళ్ళీ?" అన్నాడు పెదనాన్న ముక్కు ఎగబీల్చి.

"కాల్చాను నాన్నా. కొంచెం లోపలికి తోయండి, చల్లారాక మాట్లాడుకుందాం."

మేస్త్రీ ఒక చేత్తో తోశాడు. రెండు చేతులతో తోశాడు. పెదనాన్న నవ్వి, "తప్పుకో," అని భుజం ఆనించాడు. కారు కదల్లేదు. వాలులో ఉన్న కారు, హ్యాండ్‌బ్రేకు వేయని కారు, ఇద్దరు మగాళ్ళు ఊపిరి బిగబట్టి తోసినా కదల్లేదు.

"గేరులో ఉందేమో సార్," అన్నాడు చూద్దాం.

"న్యూట్రల్లోనే ఉంది. నా కాలు కూడా బయటే ఉంది, చూసుకోండి," అంది అక్క. కాలెత్తి చూపించింది కూడా. తర్వాత నా వైపు తిరిగి, "నువ్వు లోపల కూర్చుని హ్యాండ్‌బ్రేకు పట్టుకో. నేను అనగానే లాగు," అంది. బానెట్ ఎత్తి, మాస్టర్ సిలిండర్‌ని ఇంజను వెనకున్న రేకు గోడకి పట్టి ఉంచే రెండు నట్లు వదులు చేయడం మొదలుపెట్టింది.

"అది ఎందుకు ముట్టుకుంటున్నావు?" పెదనాన్న గొంతు హఠాత్తుగా సన్నబడింది.

"మీరు తోస్తూ ఉండండి నాన్నా. ఆపకండి."

కూతురి ముందు చేతకానివాడిలా కనిపించడం ఇష్టంలేక ఆయన ఒంట్లో బరువంతా కారు మీద వేశాడు. అక్క రెండో నట్టు వదులు చేసి, సిలిండర్‌ని గోరంత ముందుకి జరిపింది. కడ్డీకి దానికి మధ్య ఎడం వచ్చింది. డబ్బాలో ఆయిల్ బుడుంగుమంది. కారు ఒక్కసారిగా వదులై జారిపోయింది. ఆనుకోవడానికి కారు లేని పెదనాన్న గేటు మధ్యలో బోర్లా పడ్డాడు.

"లాగు!" అంది అక్క. నేను లాగాను. కారు గులాబీ కుండీకి జానెడు ఇవతల ఆగింది.

మొదట నవ్వింది పెద్దమ్మ. చేతిలో గరిటె పట్టుకుని, గోడకి ఆనుకుని, శబ్దం లేకుండా నవ్వింది.

అక్క చేతులు తుడుచుకుంది. "నాలుగు చక్రాలూ ఒకేసారి వదిలాయి. తప్పు నా కాలిది కాదు, ప్యాడ్లది కాదు, పైపులది కాదు. పెడల్ కడ్డీని ఎవరో ఊపిరాడనంతగా బిగించారు. ఎవరు?"

"నేను ఖాళీ పెట్టే ఇచ్చా మేడం," అన్నాడు చూద్దాం వెంటనే. "మూడుసార్లూ పెట్టే ఇచ్చా." ఇచ్చాక అది ఏమైందో తిరిగి ఒక్కసారైనా చూశావా అని ఎవరూ అడగలేదు. చూసి ఉంటే ఆ పేరు వచ్చేదే కాదు.

పెదనాన్న లేచి మోకాళ్ళు దులుపుకుంటున్నాడు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు ఆయన చెయ్యి తనంతట తానే చొక్కా జేబు మీదకి వెళ్ళింది. లోపల స్పానరు ఆకారం కనిపిస్తూనే ఉంది.

"పెడల్ చచ్చిపోయి ఉండేది," అన్నాడు చివరికి. "తొక్కగానే తగలాలి. ఊరికే ఊగుతుంటే అదేం పెడల్? కొంచెం... సర్దాను."

"ఎంత?"

"అర చుట్టు."

"ఒక్కసారా?"

ఆయన మళ్ళీ మోకాళ్ళు దులుపుకున్నాడు. మొదట ఒకసారి, ఆ తర్వాత షెడ్డు నుంచి వచ్చిన ప్రతిసారీ అని అందరికీ తెలుసు.

మామూలు మనిషి ఎవరైనా ఇక్కడ ఒక్క మాట అనేవాడు. ‘పొరపాటైందమ్మా’ అనో, ‘నిన్ను ఊరికే అన్నాను’ అనో. తలవంచుకుని లోపలికి వెళ్ళిపోయినా సరిపోయేది. మా పెదనాన్న కారు చుట్టూ ఒకసారి తిరిగి, బానెట్‌లోకి తొంగి చూసి, గొంతు సవరించుకున్నాడు.

"మొదటినుంచీ నేను చెప్తూనే ఉన్నా, చక్రాల్లో ఏం లేదని," అన్నాడు. "మాస్టర్ సిలిండర్ దగ్గరే ఉంది తేడా. ఈ మేస్త్రీ వింటేగా!"

మేస్త్రీ నోరు తెరిచి, మూసి, మిగిలిన టీ తాగేశాడు. "అవును సార్," అన్నాడు. పిల్లికి ఎలుక సాక్ష్యం. సాయంత్రానికి ఎదురింటి పంతులుగారికి కథ ఇంకోలా అందింది. రోగం ఎక్కడుందో కూతురే కనిపెట్టాలని పెదనాన్న కావాలనే ఒక చిన్న లోపం పెట్టాడట. పిల్లలకి అలా నేర్పాలట. తొలిచూపులోనే దొరకకూడదని నట్టు గట్టిగా బిగించాడట. పంతులుగారు తల ఊపుతూ విన్నారు. గోడ ఇవతల పెద్దమ్మ, "మూతలు కూడా మాకు నేర్పడానికే కాబోలు," అంది బట్టలు దులుపుతూ.

అక్క మాత్రం దేనికీ ఎదురు చెప్పలేదు. కడ్డీకి ఉండాల్సిన ఖాళీ పెట్టింది. నట్టు బిగించింది. నా గోళ్ళరంగు సీసా అడిగి తీసుకుని, నట్టు మీద నుంచి కడ్డీ మీద దాకా ఒక ఎర్రటి గీత గీసింది. ఎవరు తిప్పినా గీత విరిగి తెలిసిపోతుంది. కారుని మళ్ళీ నీళ్ళ ట్యాంకు ఎత్తు ఎక్కించి, అవతల దించి, మళ్ళీ ఎక్కించింది. చక్రాల మీద చేతి వెనక పెట్టి చూస్తే నులివెచ్చగా ఉన్నాయి, పడుకున్న దూడ వీపులా. సోమవారం పొద్దున్నే ఫోను చేసి వస్తున్నానంది. ఆ మాట అనేటప్పుడు ఆమె కుడికాలు నేలమీద తాళం వేస్తోంది.

వెళ్ళే రోజు ఆసుపత్రి జీపు ఆమే వెళ్ళి తెచ్చుకుంది. సామాన్లు ఎక్కిస్తుంటే నేను ఎందుకో కారులోకి వంగి చూశాను. ఎర్రగీత విరిగి ఉంది. కింది ముక్క ఒక దిక్కు చూస్తోంది, పై ముక్క సరిగ్గా వ్యతిరేక దిక్కు చూస్తోంది.

అక్కని పిలిచి చూపించాను. ఆమె చాలాసేపు చూసింది. కోపం వస్తుందనుకున్నాను. రాలేదు.

"వదిలెయ్," అంది. "పేపరు షాపు దాకా ఏ కారూ వేడెక్కదు."

"మళ్ళీ ‘నేను నడిపితే పట్టదు’ అంటాడు."

"అనుకోనీ. ఎవరికి చెప్తాడు? దూరం నడిపేవాళ్ళు ఇక ఈ ఇంట్లో ఎవరున్నారని?"

పెదనాన్న అప్పటికే జీపు చుట్టూ తిరుగుతున్నాడు. టైరుని కాలితో తన్నాడు. అద్దం కదిపాడు. స్పానరు బయటికి వచ్చింది. "గవర్నమెంటు బండి. ఎవడు బిగించాడో ఏమో. ఒక్కసారి చూస్తా ఉండు," అంటూ డ్రైవరు తలుపు పట్టుకున్నాడు.

అక్క ఎక్కి కూర్చుని తలుపు తనవైపు లాక్కుంది. "చెయ్యి తియ్యండి నాన్నా."

"అర నిమిషం..."

"తియ్యండి."

అంతకు ముందు ఎప్పుడూ ఆమె ఆయనతో అంత నెమ్మదిగా మాట్లాడలేదు. ఆయన చెయ్యి తీశాడు. అక్క కిటికీలోంచి తల్లి చెంప నిమిరి, నా జడ లాగి, జీపు కదిలించింది. వీధి చివర మలుపులో పాలవాడి సైకిల్ అడ్డం వచ్చింది. జీపు వెనక ఎర్రలైట్లు వెలిగాయి. సైకిల్ దాటింది. లైట్లు ఆరిపోయాయి. జీపు మలుపు తిరిగింది.

"చూశావా?" అన్నాడు పెదనాన్న వేలు చూపిస్తూ. ముఖం వెలిగిపోతోంది. "తొక్కింది! చెప్పానా లేదా?"

"తొక్కింది," అంది పెద్దమ్మ. "వదిలేసింది కూడా. అదే మీకు రానిది."

ఆవిడ లోపలికి వెళ్ళిపోయింది. పెదనాన్న గేటు మూసి, దాని మడతబందు వైపు వంగి, స్పానరు తీశాడు.